మ్యూజియం ఎవరి మాట వినాలి?

విశాఖపట్నం నుంచి అరకు వచ్చే రైలు మార్గం మన కోసం వేసింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి వేశారు. 2017 నుంచి ఆ దారిలో అద్దాల బోగీ కూడా నడుస్తోంది. కిందికి ఖనిజం పోతుంది, పైకి పర్యాటకులు వస్తారు. వచ్చినవాళ్లు 1996లో అరకులో పెట్టిన గిరిజన మ్యూజియం చూస్తారు. అందులో మన ఇళ్లు, పనిముట్లు, నగలు, థింసా ఆడే బొమ్మలు ఉన్నాయి. మన పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తే, "సార్, ఇది మా అవ్వ ఇంట్లో ఇంకా వాడుతున్నాం కదా, ఇక్కడెందుకు పెట్టారు?" అని అడుగుతారు. జవాబు చెప్పాల్సింది మనమే.

మ్యూజియం పని గుర్తుంచుకోవడం. పర్యాటకం పని సంపాదించడం. టికెట్ల డబ్బే కొలత అయిన చోట ఫొటోకు బాగుండేది ముందుకొస్తుంది. పోడు, వెట్టి, భూమి తగాదాలు మూలకు పోతాయి. ఆడే ఆదివాసీ కనిపిస్తాడు, అడిగే ఆదివాసీ కనిపించడు.

అలాగని డబ్బు పాపం కాదు. మనమూ సంతలో చింతపండు, పసుపు, అడ్డాకులు అమ్ముతాం. మ్యూజియానికీ కాపలా, కరెంటు, జీతాలు కావాలి. సందర్శకులు రాకపోతే తాళం పడొచ్చు. కానీ సంతకు ఏది తీసుకెళ్లాలో, ఏది ఇంట్లో ఉంచాలో తేల్చేది మనమే. ఎంత ఇబ్బందైనా విత్తనాలు అమ్ముకోం. మ్యూజియంలో అలా తేల్చే హక్కు ఎవరిది? అసలు తగువు అక్కడే ఉంది.

సవరల బొమ్మలు చూడండి. గోడ మీద గీసేది దేవతల కోసం, పెద్దల కోసం. గుడ్డ మీద, కాగితం మీద గీసేది బతుకుదెరువు కోసం. గీసినవాడికి కూలి దక్కితే సంతోషమే. అయితే ఆ రెంటికీ మధ్య గీత కొనేవాడు గీయకూడదు, ఊరు గీయాలి.

ఇది మన కోరిక మాత్రమే కాదు. మ్యూజియం పెట్టిన 1996లోనే పెసా చట్టం వచ్చింది. సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభకుందని ఆ చట్టం చెప్పింది. మరుసటి ఏడు అనంతగిరి గనుల మీద వచ్చిన సమత తీర్పు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వరాదంది. భూమికి ఒప్పుకున్న న్యాయాన్ని జ్ఞాపకానికీ అడగడంలో తప్పేముంది?

కాబట్టి ఈసారి పిల్లలతో వెళ్లినప్పుడు ఒక పని చేద్దాం. ప్రతి వస్తువు పేరు వాళ్ల ఇంటి భాషలో రాయించుదాం. అక్కడ లేనిదేమిటో, అక్కడ ఉండకూడనిదేమిటో అడుగుదాం. ఆ కాగితాలు గ్రామసభ ముందు పెడదాం. మన మాట లేకుండా మన బొమ్మ నిలబెట్టకూడదని పిల్లలకు తెలిస్తే, సగం మ్యూజియం మన చేతికొచ్చినట్టే.