ఆ పది గంటలు ఎవరి ఖాతాలో?

ఎంబీఏలో ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ తీసుకున్న విద్యార్థులకు ‘లిటిల్స్ లా’ తప్పనిసరి పాఠం. 1961లో జాన్ లిటిల్ దీన్ని గణితపరంగా నిరూపించాడు. లోపల ఉన్నవారి సంఖ్యను గంటకు బయటికొచ్చేవారి సంఖ్యతో భాగిస్తే సగటు నిరీక్షణ తేలుతుంది. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సులో 40 వేల మంది ఉండి, గంటకు 4 వేల మందికి దర్శనం అవుతోందనుకుంటే, ఒక్కొక్కరూ సుమారు 10 గంటలు ఆగాల్సిందే.

లెక్క తేలికే. ఆ పది గంటలు వృథానా, తపస్సా అన్నదే చిక్కు.

టయోటా ఉత్పత్తి పద్ధతిని తీర్చిదిద్దిన తైచి ఓనో ఏడు రకాల వృథాలు చెప్పాడు. వాటిలో నిరీక్షణ ఒకటి. క్యూ కాంప్లెక్సు కంపార్టుమెంటులో గోవింద నామం చేసుకుంటున్న భక్తురాలు ఈ మాట ఒప్పుకోదు. కష్టపడితేనే స్వామి కనిపిస్తాడని ఆమె నమ్మకం. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవారు కూడా బస్సు దొరక్క ఎక్కడం లేదు. అయితే మెట్ల కష్టం కోరి తెచ్చుకున్నది. కంపార్టుమెంటు కష్టం వచ్చి పడ్డది.

కష్టపడితేనే స్వామి దక్కుతాడా అన్న చర్చ శ్రీవైష్ణవంలో పాతదే. అందులోని రెండు శాఖల్లో తెంగలైవారిది మార్జాల కిశోర న్యాయం: పిల్లి తన కూనను నోట కరుచుకున్నట్టు స్వామే జీవుణ్ణి చేరదీస్తాడు. వడగలైవారిది మర్కట కిశోర న్యాయం: కోతిపిల్లలా జీవుడూ గట్టిగా పట్టుకోవాలి. ఆ పట్టు కూడా కృపకు ఒక వ్యాజమే తప్ప వెల కాదంటారు. అంటే, ఏ పక్షం చూసినా పది గంటల కాళ్లనొప్పి దర్శనానికి చెల్లించే మూల్యం కాదు. దాన్ని తగ్గిస్తే భక్తికి వచ్చే లోటు లేదు.

ప్రణాళిక అపచారమేమీ కాదని శ్రీవారి వంటశాల ‘పోటు’ చూస్తే తెలుస్తుంది. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన శ్రీవారి లడ్డూకు శనగపిండి, నెయ్యి, చక్కెర, జీడిపప్పు ఎంతెంత పడాలో ‘దిట్టం’ నిర్ణయిస్తుంది. కొలతతో చేసినంత మాత్రాన ప్రసాదం పవిత్రత తగ్గిందని ఎవరూ అనలేదు.

చిక్కు గర్భగుడి ముందు వస్తుంది. ఎలియాహు గోల్డ్‌రాట్ 1984లో వచ్చిన ‘ది గోల్’ నవలలో ఫ్యాక్టరీ వేగాన్ని నిర్ణయించేది దాని ఇరుకు చోటేనని చూపించాడు. ముందు అక్కడి వేగం పెంచాలన్నాడు. తిరుమలలో ఆ ఇరుకు చోటు స్వామి సన్నిధే. అక్కడ వేగం పెంచడమంటే ‘జరగండి, జరగండి’ అనడం, లఘు దర్శనం, మహాలఘు దర్శనం అంటూ భక్తుణ్ణి దూరం జరపడం. ఏ క్షణం కోసం ఇంత దూరం వచ్చారో, కోత పడేది ఆ క్షణానికే.

అందుకే టైమ్‌స్లాట్ టోకెన్లు మెరుగు. దర్శనం జోలికి పోకుండా కంపార్టుమెంటులో కూర్చునే గంటల్నే అవి తగ్గిస్తాయి. రూ.300 ప్రత్యేక ప్రవేశం, వీఐపీ బ్రేక్ దర్శనం సంగతి వేరు. గంటకు లోపలికి వెళ్లగలిగేవారి సంఖ్య మారనప్పుడు ఒక వరుసకు ముందు దారి ఇస్తే, అక్కడ మిగిలిన గంటలు మాయమైపోవు. ఉచిత సర్వదర్శనం వరుసలో, పిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకున్నవారి మీద పడతాయి.