దుఃఖానికి గడువు: మనోరోగ వర్గీకరణలో ఒక నైతిక ప్రశ్న

స్మృతికావ్యాలను పరిశీలించేవారికి ఒక ప్రశ్న తప్పదు. ఆప్తుల మరణానంతరం మనిషి ఎంతకాలం దుఃఖించడం సహజం? ఆలంకారికులు శోకాన్ని కరుణరసానికి స్థాయిభావంగా గుర్తించారు గాని, దానికి గడువు విధించలేదు. ఆధునిక మనోవైద్యం విధించింది. పలుమార్లు మార్చింది కూడా.

అమెరికన్ మనోవైద్య సంఘం ప్రచురించే రోగనిర్ధారణ గ్రంథం 'డీఎస్ఎమ్'. 1980 నాటి మూడవ కూర్పు సహజమైన వియోగదుఃఖాన్ని కుంగుబాటు వ్యాధి నుండి వేరుచేసింది. 1994 నాటి నాలుగవ కూర్పు ఈ మినహాయింపును సాధారణంగా 2 నెలలకు పరిమితం చేసింది. 2013లో ఐదవ కూర్పు మినహాయింపునే తొలగించింది. 2022 నాటి సవరణ 'దీర్ఘకాలిక వియోగదుఃఖ రుగ్మత'ను కొత్తగా చేర్చి, దాని నిర్ధారణకు పెద్దల విషయంలో కనీసం 12 నెలలు, పిల్లల విషయంలో 6 నెలలు గడవాలన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ 'ఐసీడీ-11' ప్రకారం 6 నెలలు చాలు. ఒకే వితంతువు ఎనిమిదవ నెలలో ఒక గ్రంథం ప్రకారం రోగి కావచ్చు, మరొక దాని ప్రకారం కాజాలదు.

మినహాయింపును తొలగించినవారి వాదన తోసిపుచ్చదగినది కాదు. ఉద్యోగం పోయినందువల్ల కలిగిన కుంగుబాటు వ్యాధి అయినప్పుడు, మరణం వల్ల కలిగినది మాత్రం ఎందుకు కాదు? పైగా అమెరికాలో బీమా సంస్థ చికిత్సావ్యయం భరించాలంటే రోగానికి పేరు, సంకేతసంఖ్య ఉండాలి. పేరు లేని బాధకు పరామర్శే మిగులుతుంది. అయితే మనోవైద్యుడు, మానవశాస్త్రవేత్త అయిన ఆర్థర్ క్లైన్‌మన్ తన భార్యావియోగాన్నే ఆధారం చేసుకొని 2012లో 'లాన్సెట్' పత్రికలో ఈ ధోరణిని ప్రశ్నించారు. శాస్త్రం తేల్చిన కొలతగా కనిపించే ఈ గడువులో, ఎంత దుఃఖం తగునన్న నైతిక నిర్ణయం దాగి ఉన్నదని నా అభిప్రాయం.

ఈ ఇబ్బందిని గుర్తించే కాబోలు, దుఃఖం ఆయా సమాజాల ఆచారమర్యాదలను మించి ఉండాలని రెండు గ్రంథాలూ షరతు పెట్టాయి. ఇది ఉదారంగానే తోస్తుంది. కాని ఎవరి మర్యాద? విశ్వనాథ సత్యనారాయణ భార్యావియోగంతో రచించిన 'వరలక్ష్మీ త్రిశతి'ని కావ్యంగా గౌరవిస్తాం. అదే సమాజం భార్య పోయిన పురుషుణ్ణి త్వరగా మళ్ళీ పెళ్ళి చేసుకొమ్మన్నది. భర్త పోయిన స్త్రీకి బొట్టు, గాజులు తీయించి యావజ్జీవ శోకాన్నే ధర్మంగా విధించింది. ఆ మర్యాదను కొలమానంగా గ్రహిస్తే, ఇరవై ఏళ్ళుగా మూలగదిలో కుమిలిపోతున్న ఆమె దుఃఖం ఎన్నడూ హద్దు మీరదు. వైద్యుని దృష్టికీ రాదు.