మూడున్నర గుర్రాలు

మా అన్నకొడుకు అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో ఉంటాడు. కార్లకు విడిభాగాలు చేసే ఒక కంపెనీలో ఇంజనీరు. మొన్నొక ఆదివారం పొద్దున హోసూరుకు ఫోను చేశాడు. బాగోగులు అయిన తర్వాత, "చిన్నాయనా, కొత్త కారు ఒకటి తీసుకుందామని ఉండాను. ఇంజను దగ్గర తెగడం లేదు. నువ్వొక మాట చెప్పు" అన్నాడు.

కార్ల గురించి నాకు తెలిసింది తక్కువ. ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. అయినా అడిగినప్పుడు తెలియదనడం పెద్దవాళ్ళకు అలవాటు లేదు. సలహా ఇవ్వడం ఒక్కటే గదా ఈ వయసులో మాకు మిగిలిన విలాసం! "చెప్పు, వింటాను" అన్నాను.

వాడు కొనదలచుకున్నది ఫోర్డ్ మస్టాంగ్. ఆ దేశంలో పేరుమోసిన స్పోర్ట్స్ కారు. మస్టాంగ్ అంటే అక్కడి మైదానాల్లో తిరిగే అడవి గుర్రం. ఆ కారు 1964లో పుట్టింది. పుట్టిననాడే దానికి ఆరు సిలిండర్ల ఇంజను ఒకటి, ఎనిమిది సిలిండర్ల ఇంజను ఒకటి, రెండు రకాలూ ఉన్నాయి. కాబట్టి "ఏది తీసుకోవాలి?" అన్న ప్రశ్న ఆ కారంత పాతది. 1973లో చమురు సంక్షోభం వచ్చింది. అదే ఏడు, దానికి కాస్త ముందే బయటికి వచ్చిన 1974 మోడల్లో ఎనిమిది సిలిండర్ల ఇంజనే లేకుండా చేశారు. మరుసటి ఏడే మళ్ళీ తెచ్చారు. మనిషి వైరాగ్యం ఎంతకాలం నిలుస్తుందో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

2024 మోడల్లో వాడి ముందున్నవి రెండు. ఒకటి నాలుగు సిలిండర్లు, 2.3 లీటర్ల టర్బో ఇంజను, 315 అశ్వశక్తి. రెండోది ఎనిమిది సిలిండర్లు, 5 లీటర్ల వి-8 ఇంజను, 480 అశ్వశక్తి. టర్బో అంటే ఏమిటో వాడే చెప్పాడు. పొగగొట్టంలోంచి వృథాగా పోయే వేడిగాలితో ఒక చిన్న చక్రాన్ని తిప్పుతారు. ఆ చక్రం ఇంజనులోకి మరింత గాలిని దట్టిస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ కాలుతుంది. అప్పుడు చిన్న ఇంజనే పెద్ద ఇంజను పని చేస్తుంది. పారేసేదాన్ని పనికి తెచ్చుకోవడం. ఇది మా ఇళ్ళలో ఆడవాళ్ళు చేసే సంసారం లాంటిదే అనిపించి, నాకు ముందే నాలుగు సిలిండర్ల మీద అభిమానం కలిగింది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఈ మోడల్లో మనమే గేర్లు మార్చుకునే ఏర్పాటు వి-8కు మాత్రమే ఉంది. చిన్న ఇంజను తీసుకుంటే గేర్లు వాటంతటవే మారతాయి. అంటే ఇక్కడ ఎంచుకునేది బలాన్ని ఒక్కదాన్నే కాదు, చేతికి పని ఉండాలా వద్దా అన్నది కూడా.

నేను లెక్క అడిగాను. ఆటోమేటిక్ గేర్లతో, అక్కడి ప్రభుత్వ కొలతల ప్రకారం, చిన్న ఇంజను గ్యాలనుకు 26 మైళ్ళు ఇస్తుంది. వి-8 ఇచ్చేది 18 మైళ్ళు. మన లెక్కలో లీటరుకు సుమారు 11 కిలోమీటర్లు, ఏడున్నర కిలోమీటర్లు. ఏడాదికి 10,000 మైళ్ళు తిరిగితే పెద్ద ఇంజను దాదాపు 650 లీటర్ల పెట్రోలు ఎక్కువ తాగుతుంది. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. అంటే ఏడాదికి ఒకటిన్నర టన్ను ఎక్కువ. ఇక వేగం మాటకొస్తే, మిషిగన్ పెద్ద రోడ్ల మీద గంటకు 70 మైళ్ళు, కొన్నిచోట్ల 75 మైళ్ళు మించకూడదు. ఆ వేగాన్ని రెండు ఇంజన్లూ అవలీలగా దాటేస్తాయి.

ఇంత విన్నాక నాకు పంతులుతనం ముంచుకొచ్చింది. యయాతి కథ చెప్పాను. శాపంవల్ల ముసలితనం వచ్చిన యయాతి తన కొడుకులను యౌవనం అడిగాడు. పెద్దవాళ్ళు నలుగురూ ఇవ్వమన్నారు. చిన్నవాడు పూరుడు ఇచ్చాడు. వెయ్యేళ్ళు అనుభవించిన తర్వాత యయాతికి తెలిసింది, అనుభవించేకొద్దీ కోరిక చల్లారదు, పెరుగుతుందని. యౌవనాన్ని కొడుక్కి తిరిగి ఇచ్చేశాడు. "యయాతి కొడుకును అడిగి తీసుకున్నాడు. మనం కాల్చే పెట్రోలు మనవలనుంచి అడక్కుండా తీసుకుంటున్నది. యయాతి తిరిగి ఇవ్వగలిగాడు, నువ్వు ఇవ్వలేవు. చిన్న ఇంజను తీసుకో" అన్నాను. బాగా చెప్పాననే అనుకున్నాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "నువ్వు చెప్పింది నిజమే. కానీ చిన్నాయనా, మనం ఊర్లో ఎక్కిన మారుతి 800కు ఉండేది 37 అశ్వశక్తి. నలుగురం కూర్చుని, పైన మూటలు కట్టుకుని తిరపతికి పోయి రాలేదా? నువ్వు చిన్నది అంటున్న ఈ ఇంజనుకు దానికి ఎనిమిదిన్నర రెట్లు బలం ఉంది. అవసరమే కొలత అయితే రెండూ వద్దనాలి గదా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆలోచిస్తే ఇందులో ఒక మాయ ఉంది. మన ముందు రెండు వస్తువులు పెట్టినప్పుడు, తక్కువదాన్ని ఎంచుకుంటే మనకు నిగ్రహం ఉన్నట్టే అనిపిస్తుంది. 480 గుర్రాలు పక్కన నిలబడి ఉండబట్టే 315 గుర్రాలు సాధువుల్లాగా కనిపిస్తాయి. పట్టుచీరల అంగట్లో ముందు లక్ష రూపాయల చీర పరిచి, ఆ తర్వాత నలభై వేలదాన్ని తీసి చూపించినట్టు. కొన్నవాడు ఇంటికొచ్చి అరవై వేలు మిగిల్చానని చెప్పుకుంటాడు. మితం అంటే రెండు ధరల్లో తక్కువది కాదు. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ ఈ సంగతి తిండిని ఉదాహరణగా చూపి చెప్పాడు. పదికి రెండుకి మధ్య ఆరు అన్నది అంకెల మధ్యమం. మల్లయుద్ధం చేసేవాడికి ఆ ఆరూ చాలకపోవచ్చు, కొత్తగా కసరత్తు మొదలుపెట్టినవాడికి ఎక్కువ కావచ్చు. ఎవరి మితం వాళ్ళు తమను చూసుకుని కనుక్కోవలసిందే. అంగడివాడు కనిపెట్టి ఇవ్వలేడు.

"మరి నీకు వి-8 మీద ఎందుకురా అంత మోజు?" అన్నాను.

"చప్పుడు చిన్నాయనా" అన్నాడు. "నాయన ఉంటే వినేవాడు."

మా అన్న బెంగుళూరులో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద టర్నరు. హోసూరునుంచి రోజూ బస్సులో పోయి వచ్చేవాడు. వీధిలో లారీ పోతూ ఉంటే, లోపల కూర్చుని చప్పుడు విని, "వీడి బేరింగు పోతోంది, చూసుకోలేదు" అనేవాడు. సొంత కారు ఎక్కకుండానే పోయాడు. పోయి రెండేళ్ళయింది. వాడు చెప్పిన కారణం ఇంత చిన్నది. దాన్ని దుబారా అనడానికి నాకు నోరు రాలేదు.

ఆ చప్పుడు గురించి వాడొక వింత కూడా చెప్పాడు. 2015 మోడల్లో నాలుగు సిలిండర్ల మస్టాంగ్‌కు ఇంజను చప్పుడును స్పీకర్ల ద్వారా పెంచి లోపలివాళ్ళకు వినిపించే ఏర్పాటు పెట్టారట. బి.ఎం.డబ్ల్యు. వాళ్ళు కూడా తమ కొన్ని కార్లలో ఇట్లాంటి పని చేశారు. ఇంజను చిన్నదైనా చెవి పెద్దదాన్ని కోరుకుంటుంది కాబట్టి. "ఇది మరీ మోసం గదరా!" అన్నాను. బోధ చేసే ఉత్సాహం మళ్ళీ వచ్చింది. లేనిది ఉన్నట్టు చెప్పుకోవడం గురించి రెండు మాటలు గట్టిగానే అన్నాను.

అప్పుడు వాడు, "ఒకటి అడిగితే ఏమీ అనుకోవు గదా?" అన్నాడు. "నాయన పెట్టెలో నీ బండి బిల్లు దొరికింది. దాంట్లో ఎల్.టి. అని రాసుంది. నువ్వు మాకెప్పుడూ హెచ్.టి. అని గదా చెప్పేది?"

ఇది పాఠకులకు విప్పి చెప్పాలి. 1980లలో మన దేశంలో రాజ్‌దూత్ 350 అని ఒక మోటారు సైకిలు వచ్చేది. జపాను యమహావాళ్ళ నమూనా. ఆనాటి కుర్రకారుకు అది కల. దాంట్లోనూ రెండు రకాల ఇంజన్లు ఉండేవి. హెచ్.టి. అంటే హై టార్క్, ముప్పైన్నర అశ్వశక్తి. ఎల్.టి. అంటే లో టార్క్, పెట్రోలు కాస్త తక్కువ తాగేటట్టు తగ్గించిన ఇంజను, 27 అశ్వశక్తి. ఆ రోజుల్లో నాకు ఉద్యోగం ఖాయమైనప్పుడు మా అన్న డబ్బిచ్చి, "నీకు ఏది ఇష్టమో అది తెచ్చుకో" అన్నాడు. నా మనసు హెచ్.టి. మీద ఉంది. తెచ్చుకున్నది ఎల్.టి. పెట్రోలు ఖర్చని అందరికీ చెప్పాను. నిజానికి దాన్ని నడపగలనా అని భయం. నిగ్రహం అనుకున్నది నిగ్రహం కాదు, పిరికితనం. అది కూడా తప్పు కాదు. భయపడ్డవాడు చిన్న బండి కొనుక్కోవడం తెలివైన పనే. తప్పు ఆ తర్వాత జరిగింది. ఎవరైనా "ఇది ఏది?" అని అడిగితే "హెచ్.టి." అనేవాణ్ణి. బండి అమ్మేసిన తర్వాత కూడా, దాని కథలు పిల్లలకు చెప్పేటప్పుడు కూడా, హెచ్.టి. అనే చెప్పాను. మూడున్నర గుర్రాల కోసం ఇన్నేళ్ళు అబద్ధమాడాను.

మా అన్నకు తెలుసు. బిల్లు ఆయన పెట్టెలోనే ఉంది. బిల్లు లేకపోయినా, లారీ బేరింగును కనిపెట్టే చెవికి ఆ బండి చప్పుడు తెలియకుండా ఉంటుందా? నేను పదిమందిలో కోతలు కోస్తుంటే పక్కనే కూర్చుని టీ తాగేవాడు. ఒక్కనాడూ నన్ను పట్టివ్వలేదు. ఆయన పోయిన తర్వాత, ఆయన కొడుకు నోట, అంత మెత్తగా, ఆ సంగతి నా దగ్గరికి తిరిగొచ్చింది.

"ఎల్.టి.నే నాయనా. నేను అబద్ధం చెప్పినాను" అన్నాను. అవతల వాడు నవ్వాడు. వాడి నాయన నవ్వే. నా కళ్ళు తడిశాయి.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచించాను. కారు లోపల స్పీకరు పెట్టినవాణ్ణి నేను మోసగాడన్నాను. నా నోరే నా ఎల్.టి. బండికి స్పీకరు గదా! ఇది బండ్లతో ఆగేది కూడా కాదు. హోసూరులో, బళ్ళారిలో, బరంపురంలో పుట్టి పెరిగిన మనవాళ్ళు కొందరు హైదరాబాదు పోయినప్పుడు తమ యాసను మింగేసి, పుస్తకాల తెలుగు మాట్లాడటం చూశాను. నేనూ చేశాను. మన ఇంజను మనకున్నదే. దాని చప్పుడు చిన్నదని ఎవరు చెప్పారని మనం ఇంకొక చప్పుడు అరువు తెచ్చుకున్నాం?

అందువల్ల నాకు తోచింది చెబుతాను. ఇంత బలం ఉన్న రెండు ఇంజన్ల మధ్య ఎంపిక అవసరాన్నిబట్టి తేలేది కాదు. దానికి రెండు ప్రశ్నలు కావాలి. మొదటిది, ఈ ముచ్చటకు నేను గాక ఇంకెవరు చెల్లిస్తున్నారు? యయాతి కథ ఇప్పటికీ నిజమే, దాన్ని నేను వెనక్కి తీసుకోను. అయితే చెల్లింపు ఇంజను ఒక్కదానిమీద లేదు, తిరిగే దూరం మీదా ఉంది. ఏడాదికి 3,000 మైళ్ళు మాత్రమే తిరిగే వి-8, అదే ఏడాదిలో 10,000 మైళ్ళు తిరిగే చిన్న ఇంజనుకంటే చాలా తక్కువ పెట్రోలు తాగుతుంది. కొనేనాడు చూపిన నిగ్రహం ఒక్కరోజుది. తాళంచెవి కొక్కేనికి తగిలించి నడిచిపోయే నిగ్రహం రోజూ కావాలి. చిన్నది కొన్నాం గదా అని రెట్టింపు తిరిగేవాడు తనను తానే మోసం చేసుకుంటున్నాడు.

రెండో ప్రశ్న, ఈ కోరిక ఎవరిది? చీకట్లో, ఎవరూ చూడని రోడ్డు మీద, ఏ కారని ఎవరూ అడగకపోయినా నాకు ఇదే కావాలా? కావాలంటే ఆ కోరిక నాది. దాన్ని తూచి, ఖరీదు కట్టి, ఒప్పుకోనూవచ్చు, మానుకోనూవచ్చు. అడిగేవాడికి జవాబు చెప్పుకోవడం కోసమే అయితే, అది ఎనిమిది సిలిండర్లయినా నాలుగైనా ఒకటే. అట్లాంటి కోరికకు ఏ ఇంజనూ చాలదు. హెచ్.టి. కొని ఉంటే నేను ఇంకేదో పెద్దదాని పేరు చెప్పి ఉండేవాణ్ణి.

మరుసటి ఆదివారం వాడికి ఈ మాటలే చెప్పాను. ఏది తీసుకోమని మాత్రం చెప్పలేదు. వాడూ మళ్ళీ అడగలేదు. చివరికి ఒక్కటే అన్నాను. "ఏది కొన్నా సరే, అడిగినవాళ్ళకు ఏది కొన్నావో అదే చెప్పు. మీ నాయనలాగా మూసిపెట్టే అన్న నీకు లేడు."

పోయిన నెల వాడు కారు కొన్నాడు. ఫోటో పంపాడు. ఎర్రగా, బాగుంది. లోపల ఏ ఇంజను ఉందో ఫోటోలో నాకు తెలియలేదు. ఈ నెల వాడు ఊరికి వస్తున్నాడు. వచ్చినప్పుడు అడుగుతాను. చెబుతాడు.