జీతం తగ్గితే పని తగ్గించవచ్చా?

1914 జనవరిలో అమెరికాలో ఫోర్డ్ మోటారు కంపెనీ రోజుకూలీని రెండున్నర డాలర్లలోపు నుంచి 5 డాలర్లకు పెంచింది. అంతవరకూ నిలకడ లేని పనివారు ఆ తర్వాత నిలిచారు. (ఇళ్ళకు వెళ్ళి వారి నడవడిని తనిఖీ చేయడం వేరే సంగతి.)

మరి జీతం కోస్తే? ‘ఇచ్చినదానికి ఇంతే’ అని చేతులు నెమ్మదిస్తాయి. ఇది సహజమే, ధర్మమని మాత్రం మేము అనలేము. కొలతల్లో తగ్గించేవారిని ముతఫ్ఫిఫీన్ సూరా గర్హించింది. ఆ త్రాసు ఇద్దరి చేతుల్లోనూ ఉంది. ఒప్పుకున్న కూలిని ఏకపక్షంగా కోసిన యజమానే మొదటి దోషి. పనివాడు నిలదీయవచ్చు, మానేయనూవచ్చు. కొత్త జీతానికి ఒప్పుకుని చాటుగా పని తగ్గిస్తే అది ఖియానత్. అయితే పిల్లల ఆకలి చూసి మానలేకపోయినవాణ్ణి ‘మానేయి’ అనడానికి మాకు నోరు రాదు. అతని విషయంలో అల్లాహ్ ముందు ఎక్కువ జవాబు చెప్పుకోవలసింది యజమానే.