ప్రసన్నవదనము

ఉత్తానపాద మహారాజు తొడపై సురుచి కుమారుడు ఉత్తముడు కూర్చుండియుండగా చూచి, సునీతి కొడుకైన ధ్రువుడు తానును ఎక్కబోయెను. తన కడుపున పుట్టనివానికి ఆ యోగ్యత లేదని సురుచి పలికిన పలుకులు అందరెరిగినవే. భాగవత చతుర్థ స్కంధమున గమనింపదగిన మాట మరొకటి యున్నది. బాలుడు దుఃఖించుచుండగా తండ్రి చూచుచునే యుండెను; నోరు మెదపలేదు. సవతితల్లి మాటకంటె మాటలేని తండ్రి మొగమే ఆ అయిదేండ్ల పసివాని గుండెలో లోతుగా దిగియుండును.

ఇట్లు త్రోసివేయబడినవాని కన్ను అటుపిమ్మట ఎదుటివారి ముఖములపైననే నిలుచును. బొమలు ముడిపడినవా, పెదవి బిగిసినదా యని వెదకును. అలసటతో వాడిన మొగమును కూడ అలుకగా చదువును. కొందరు తిరస్కారమును జంకుతో ఎదురుచూతురనియు, ఇట్టె పసిగట్టుదురనియు, మిక్కిలిగా చలింతురనియు 1996లో జెరాల్డిన్ డౌనీ, స్కాట్ ఫెల్డ్‌మన్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు వివరించిరి. క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలిని గమనించిన గృహస్థులకు ఇది వింత గాదు.

నారదుడు ఈ వ్యాధి నెరిగిన వైద్యుడు. పసివానికి మానావమానము లేమిటని మొదట బుజ్జగించెను. సురుచి మాటలతో చీలిన హృదయమున ఆ హితవు నిలువదని ధ్రువుడు స్పష్టముగనే చెప్పెను. అంతట ముని వానిని యమునాతీరమందలి మధువనమునకు పంపుచు, ద్వాదశాక్షరితోపాటు ధ్యానించుట కొక రూపమును ఉపదేశించెను. ఆ వర్ణనము పాదములతో గాక ముఖముతో మొదలగుట విశేషము. అనుగ్రహింప నెల్లప్పుడును అభిముఖుడు; ప్రసన్నమైన మోము, ప్రసన్నమైన చూపు. ముఖములకు బెదరిన కన్నులకు, ఎన్నడును పెడమొగము పెట్టని ముఖము నొకదానిని చూపెను. తిరుమలలో గురువారమునాడు నామము సన్నగిల్లి శ్రీవారి నేత్రములు కానవచ్చువేళ, గంటల తరబడి నిలిచిన యాత్రికుడు కోరవచ్చిన కోరికను మరచుటయు ఇందుకే కాబోలు.

స్వామి ప్రత్యక్షమైనప్పుడు ధ్రువునకు స్తుతింపవలెనని యున్నను మాట రాలేదు. హరి తన శంఖముతో ఆ బాలుని చెక్కిలిని తాకెను. మాటలు పొంగివచ్చెను.

తిరిగివచ్చునప్పుడు తండ్రి రథము దిగి ఎదురేగి, కొడుకును హత్తుకొనెను. నాడు పలుకని తండ్రి కన్నీరు నేడు వాని శిరస్సును తడిపెను. ధ్రువుడు తల్లులిద్దరికిని మ్రొక్కెను. పూర్వమైనచో సురుచి మొగమున ఏమున్నదో తొంగిచూచిగాని వంగెడివాడు కాడు. పాదములపై నున్న వానిని ఆమెయే లేవనెత్తి, కౌగిలించుకొని, గద్గదకంఠముతో ‘జీవించు నాయనా’ యని దీవించెను.