చుక్కికి పట్టులంగా తొడిగే ముందు

అమ్మలూ,

అన్నయ్య పెళ్లికి చుక్కికి కూడా పట్టులంగా కుట్టించావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. వీధిలో దొరికిన కుక్కపిల్లను తెచ్చి ఇంటి ఆడపిల్లలా పెంచుకుంటున్నావు, నాకు సంతోషమే. కుక్కకు బట్టలేమిటని కోప్పడే మామయ్యను కాను. పశువుల ఆసుపత్రిలో ఇన్నేళ్లు పనిచేసినవాణ్ణి కాబట్టి తెలిసిన నాలుగు మాటలు చెప్తాను. విను.

మనకు పుట్టిన దగ్గర్నుంచీ ఒంటిమీద బట్ట అలవాటు. చుక్కికి అలా కాదు. ఒక్కసారిగా ఏదో తొడిగితే, ఎవరో మీద పడి పట్టుకున్నారనే దానికి అనిపిస్తుంది. ఛాతీ చుట్టూ బిగుతు, అడుగేస్తే కాళ్లకు అడ్డం, తలమీదుగా లాగితే కాసేపు కళ్ల ముందు చీకటి. పైగా కుక్కలు ఒకదానితో ఒకటి చెప్పుకునేది చెవులతో, తోకతో, వీపు మీది వెంట్రుకలతో. వాటిని కప్పేస్తే ఇది చెప్పేది ఎదుటి కుక్కకు అందదు. అందుకే చెవులకు టోపీలు, ముఖానికి ముసుగులు అసలు వద్దంటాను నేను.

లంగాను ఇవాళే తొడగకు. ముందు మెత్తటి పాత తువ్వాలు ఒకటి తీసుకో. నేలమీద పరిచి వదిలెయ్యి, దానంతట అది వచ్చి వాసన చూడాలి. చూడగానే చిన్న కోడిమాంసం ముక్క పెట్టు. ఉప్పూ కారం లేకుండా ఉడికించిందే పెట్టాలి. ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు, అవి కుక్కల రక్తాన్ని పాడుచేస్తాయి. ఇక్కడ చాలామంది తలకిందులుగా చేసే పని ఒకటుంది. ముందు ముక్క చూపించి, కుక్క దగ్గరకు రాగానే బట్ట వేస్తారు. రెండుసార్లు అలా జరిగితే కుక్క ముక్కనే అనుమానించడం మొదలుపెడుతుంది. ముందు బట్ట కనబడాలి, ఆ వెనకే ముక్క రావాలి. రష్యాలో పావ్లోవ్ కుక్కల మీద చేసిన పరిశోధనల్లో తేలింది ఈ వరసే. ఏది ముందొస్తుందో అదే తర్వాత రాబోయేదానికి గుర్తుగా మనసులో నిలబడిపోతుంది.

తువ్వాలంటే దాని తోక ఆడటం మొదలయ్యాక వీపు మీద వెయ్యి. వేసి, ముక్క పెట్టి, అది విసుక్కోకముందే నువ్వే తీసెయ్యి. తీసెయ్యడం కూడా పాఠంలో భాగమే. ఇది వదిలిపోయేదేనని చుక్కికి తెలియాలి. ఆ తర్వాత ఛాతీ కింద వదులుగా చుట్టడం, ఆ తర్వాత ఒక ముందుకాలు దూర్చడం. లంగాకు వెల్క్రో పెట్టించావేమో, అది ఊడదీసేటప్పుడు చర్రుమంటుంది చూడు, ఆ చప్పుడుకే బెదిరే కుక్కలు చాలా ఉన్నాయి. దూరంగా కూర్చుని మెల్లగా ఊడదీస్తూ ముక్కలు వేస్తూ ఉండు, రోజులు గడిచేకొద్దీ దగ్గరకు జరుగు. మెడలోంచి తొడిగేదైతే నువ్వు దూర్చకు. కంతను రెండు చేతులతో విప్పి పట్టుకుని, అవతలి వైపు ముక్క చూపించు. అదే మూతి పెట్టి దూరుతుంది. ఒక్కోసారికి రెండు మూడు నిమిషాలు చాలు. ఇంకా చెయ్యాలనిపించినప్పుడే ఆపెయ్యి.

తొడిగాక అలా నిలబెట్టి ఫోటోలు తియ్యకు. వెంటనే దానికిష్టమైన పని పెట్టు. బంతి విసురు, వీధిలోకి తీసుకెళ్లు. లంగా వేసుకుంటే షికారు ఉందని తెలిస్తే అదే నీ దగ్గరకొస్తుంది.

నువ్వు తప్పనిసరిగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇది. బట్ట వెయ్యగానే కుక్క కదలకుండా నిలబడిపోతే, ఎంత బుద్ధిగా ఉందో అని మురిసిపోతారు. అది బుద్ధి కాదు తల్లీ, భయంతో బిగుసుకుపోవడం. ఆకలి లేకుండానే మాటిమాటికీ మూతి నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, తల తిప్పుకుని కంటికొసల నుంచి తెల్లగుడ్డు కనబడేలా చూడటం, చెవులు వెనక్కి వాలడం, తోక కడుపు కిందికి పోవడం, ఇష్టమైన ముక్క పెట్టినా ముట్టకపోవడం, ఇవన్నీ వద్దని చెప్పడమే. అరిచి కరిచేదాకా రానివ్వకు. ఇంటికొచ్చిన పిల్లలను కుక్క హఠాత్తుగా కరిచిందని మా దగ్గరకు వచ్చేవాళ్లు. నెమ్మదిగా అడిగితే, అంతకుముందే ఈ గుర్తులన్నీ చూపించిందని తేలేది.

నీ చిన్నప్పుడు జరీ గుచ్చుకుంటోందని పెళ్లిపందిట్లో పరికిణీ విప్పేసి ఏడ్చావు, మీ అమ్మనడుగు. చుక్కి నోరు తెరిచి ఏడవలేదు, అంతే తేడా. జరీ అంచు ఒంటికి తగలకుండా లోపల నూలు గుడ్డ వేయించు. పూసలు, కుందన్లు, గజ్జెలు ఉంటే ఇప్పుడే విప్పించెయ్యి. కొరికి మింగితే పేగుకు అడ్డం పడతాయి. దారం మింగితే పేగు ముడతలు పడి ఆపరేషన్ దాకా వస్తుంది. ముందుకాళ్ల వెనకగా ఛాతీ చుట్టుకొలత, మెడ మొదలు నుంచి తోక మొదలు దాకా పొడవు, ఈ రెండు కొలతలూ దర్జీకి ఇవ్వు. తొడిగాక నీ రెండు వేళ్లు సులువుగా దూరాలి. చంకల్లో ఒరుసుకుంటోందేమో చూడు. రాత్రి వేళ ఒంటిమీద ఉంచకు. తడిస్తే వెంటనే విప్పు. విప్పిన ప్రతిసారీ వేళ్లతో ఒళ్లంతా తడిమి గోమార్లున్నాయేమో వెతుకు.

ఇంత శ్రమ ఒక్క పెళ్లి కోసమైతే వద్దనేవాణ్ణి. కానీ ఈ అలవాటు చుక్కికి ముందుముందు పనికొస్తుంది. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తానన్నావు కదా. కుట్లు నాక్కోకుండా ఇప్పుడు మెడకు ప్లాస్టిక్ గరాటు బదులు ఒంటికి పట్టే చొక్కా కూడా తొడుగుతున్నారు. పది పద్నాలుగు రోజులు దాంతోనే ఉండాలి. నొప్పితో ఉన్నప్పుడు కొత్తగా తొడిగితే ఎంత బెదురుతుంది! ముందే అలవాటైతే హాయిగా పడుకుంటుంది. వానాకాలంలో రెయిన్‌కోటూ అంతే. డిసెంబరు చలిలో, ముసలితనంలో మన నాటు కుక్కల పల్చటి వెంట్రుకకు స్వెట్టరు అవసరమే. హస్కీలకు, పొమరేనియన్లకు ఒత్తుగా రెండు పొరల బొచ్చుంటుంది, వాటికి మన ఊళ్లలో ఏ బట్టా అక్కర్లేదు. అలాస్కాలో 1973 నుంచి జరుగుతున్న కుక్కలు మంచుబండ్లు లాగే ఇడిటరాడ్ పందెంలో కూడా కుక్కల పాదాలు మంచుకు కోసుకుపోకుండా గుడ్డ తొడుగులు వేస్తారు. అది వాటి అవసరం.

ఇక పెళ్లి సంగతి. ముహూర్తం వైశాఖంలో, మే నెల ఎండల్లో. హైదరాబాదులో 40 డిగ్రీలు దాటే రోజులవి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, వేడి తగ్గించే చెమట గ్రంథులు ముఖ్యంగా పాదాల్లోనే. నాలుక చాపి ఎగరోజుతూనే వేడిని బయటికి పంపాలి. దాని ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది, 104 దాటితే ప్రమాదం. పట్టుగుడ్డలో ఎండన పడితే అక్కడికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. ఆగకుండా ఎగరోజుతూ చొంగ కారుస్తుంటే లంగా విప్పేసి, నీళ్లతో తడిపి, ఫ్యాను కింద ఉంచి డాక్టరు దగ్గరకు పరిగెత్తాలి. దానికి తోడు ఫంక్షన్ హాల్లో డీజే మోత, బాణసంచా, ముట్టుకోబోయే వందమంది.

అందుకని నా మాట ఇది. పెళ్లిరోజు తెల్లవారుజామున ఇంట్లోనే, చుక్కి ఒప్పుకుంటే, లంగా తొడిగి అన్నయ్య పక్కన రెండు ఫోటోలు తీసి విప్పెయ్యి. ఒప్పుకోకపోతే మెడలో పూలదండ చాలు. నేపాల్లో తిహార్ రెండోరోజున కుక్కలకు చేసే పండుగలో కూడా బంతిపూల దండ, నుదుట తిలకం, మంచి తిండి, అంతే. దండ కొరకకుండా నువ్వు పక్కనే ఉండి, ఫోటో అవగానే తీసెయ్యి. హాలుకు మాత్రం తీసుకురాకు. ఇంట్లో చల్లగా, తెలిసినవాళ్లెవరినైనా తోడుంచి వెళ్లు.

పెళ్లికింకా నెలరోజుల పైన ఉంది. ఇవాళ సాయంత్రం తువ్వాలుతో మొదలుపెట్టి, ఎలా ఉందో రాత్రికి నాకు ఫోను చెయ్యి.

మీ మామయ్య