సేవయా, బంధనమా?

పెద్దవారికి శ్రమ కలుగనీయకుండుటయే సేవయని మనవారి తలంపు. కుమారుడు తల్లి చేతిలోని చెంబు నందుకొనును. కోడలు “మీకెందుకత్తయ్యా, కూర్చోండి” అనును. ఈ మర్యాదయే వృద్ధాశ్రమములకును బోయినది. అచ్చట అన్నము మంచము కడకు వచ్చును. నీళ్లు మంచము కడకు వచ్చును. తుదకు నడక మాత్రము మనుష్యుని విడిచి పోవును. ఇది దయయా, దయవేషము దాల్చిన యపకారమా?

వాడని కండ క్షీణించును. క్షీణించిన కాలు వణకును. వణకెడు కాలివాడు పడుదునేమో యని మంచము నాశ్రయించును. ఆశ్రయించినకొలది మఱింత క్షీణించును. దీనినంతయు మనము ముసలితనమని పిలుచుచున్నాము. ఇందు వయస్సు పాలెంత? మన ప్రేమ పాలెంత?

అమెరికాలోని బోస్టను నగరమున ఫియాటరోన్ అను వైద్యురాలును, సహచరులును దీనిని పరీక్షించి 1990లో ప్రకటించిరి. ఆశ్రమవాసులగు 10 మంది, 90 ఏండ్లకు అటునిటుగా నున్నవారు, 8 వారములు కాళ్లతో బరువు లెత్తుట కారంభించిరి. సాధన ముగించినవారి తొడల బలము సగటున నూటికి 174 వంతులు హెచ్చెను. 1994లో ప్రకటింపబడిన మఱియొక పరీక్షలో 100 మంది పాల్గొనిరి. సాధన చేసినవారి నడక వేగమును హెచ్చెను.

“పడిపోయినచో నెవరు బాధ్యులు?” అని యాశ్రమాధికారు లడుగుదురు. ఆ భయము నిజమే. వైద్యుని యనుమతి, పట్టుకొనుటకు కమ్మి, ప్రక్కనొక మనిషి కావలసినదే. కాని కదలనీయకుండుట రక్షణ కాదు; రేపటి పాటునకు నేడే బలహీనతను సిద్ధపఱచుట. 65 ఏండ్లు దాటినవారు వారమునకు కనీసము 3 దినములు బలమును, నిలుకడను పెంచు సాధన చేయవలెననియు, అశక్తులు శక్తికొలది కదలవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది.

అట్లని వృద్ధులను బడిపిల్లలవలె వరుసగా నిలిపి యీల యూదుటయు అవమానమే. బలవంతముగా కూర్చుండబెట్టుటయు, బలవంతముగా లేపుటయు ఒక్క దోషమునకే రెండు ముఖములు. రెంటియందును వారి యిష్టము నడుగువారు లేరు. 1976లో లాంగర్, రోడిన్ అను మనశ్శాస్త్రజ్ఞులు ఒక యాశ్రమములో కొందఱికి తమ దినచర్యను తామే యెన్నుకొను స్వేచ్ఛను, పెంచుకొనుట కొక మొక్కను ఇప్పించిరి. వారు ఇతరులకంటె చుఱుకుగా నుండిరి. పెద్దలకు కావలసినది ఆజ్ఞ కాదు, పని. తమదని చెప్పుకొనదగిన పని.

జిల్లాకొక యాశ్రమమైన నెలకొల్పుటను గూర్చి మన దేశమున 2007 నాటి చట్టము చెప్పుచున్నది. చట్టము గోడలు లేపగలదు. మనుష్యుని లేపవలసినది మనము. పండ్లు మంచముపై నుంచి వచ్చుట సులభము. చేయి యందిచ్చి, వారి యడుగుతో మన యడుగు కలిపి, వాకిలి వఱకు నడచుట కొంచెము కష్టము. ఆ కష్టమే సేవ.